తెలుగు ప్రాంతపు డిజిటల్ సాంస్కృతిక పరిశ్రమ పనితీరును ఎలా కొలవాలి? ముందు హక్కులు ఎవరివో విడదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లోని యానిమేషన్, వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్), గేమింగ్, ఓటీటీ, యూట్యూబ్ రంగాలన్నిటినీ కలిపి ఒకే పరిశ్రమగా తీసుకొని, స్టూడియోల సంఖ్య, ఉద్యోగుల సంఖ్య, వ్యూస్, పెట్టుబడి ఒప్పందాల మొత్తం అనే నాలుగు అంకెలతో మీరొక సూచిక తయారు చేశారు. దానితో పరిశ్రమ పనితీరును జిల్లాలవారీగా పోల్చవచ్చా, అందులోంచి మెరుగుదలకు సిఫారసులు తీయవచ్చా, డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్ అనే సమర్థత కొలిచే పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అని అడిగారు. వీఎఫ్ఎక్స్ స్టూడియోల్లో ప్రొడక్షన్ నిర్వహణ చూసి, తరువాత ఈ రంగం లెక్కల మీదే పనిచేస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసింది వివరంగా రాస్తాను.

మీరు తీసుకున్న నాలుగు అంకెలూ పరిశ్రమ ఎంత పెద్దదో చెబుతాయి, ఎంత బాగా నడుస్తోందో చెప్పవు. పనితీరు అన్న మాటకు అర్థం ఉండాలంటే మూడు సంగతులు తెలియాలి: ఎంత పెట్టాం, ఎంత వచ్చింది, వచ్చినదాంట్లో ఇక్కడ ఎంత మిగిలింది. నేను చూసిన నివేదికల్లో మొదటి రెండూ ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. మూడోది అరుదుగా కనిపిస్తుంది. మన ప్రాంతం విషయంలో అసలు తేడా అంతా అక్కడే ఉంది. కాబట్టి సూచికల జోలికి పోయేముందు మీ పట్టికను రెండుగా విడదీయండి. ఇతరుల కోసం చేసి హక్కులు అప్పగించే పని ఒక పక్కన, హక్కులు ఇక్కడివారి చేతిలోనే ఉండే పని మరో పక్కన రాయండి. ఈ విభజన లేకుండా ఏ సూచిక కట్టినా అది రెండు వేర్వేరు వ్యాపారాల సగటు అవుతుంది, ఆ సగటు రెండింటిలో దేన్నీ వర్ణించదు.

దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్ సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ ముంబైలోనూ స్టూడియోలు ఉండేవి. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రంలోని పులిని సృష్టించిన సంస్థ అదే. 2013 ఫిబ్రవరి 11న ఆ సంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఫిబ్రవరి 24న ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. రెండు వారాల తేడాలో ప్రపంచంలోకెల్లా అత్యుత్తమ పని అన్న గుర్తింపూ, జీతాలివ్వలేని స్థితీ ఒకే సంస్థకు ఎదురయ్యాయి. నాణ్యత లోపం ఎంతమాత్రం కారణం కాదు. ముందే కుదుర్చుకున్న స్థిర ధరకు పని ఒప్పుకోవడం, మధ్యలో దర్శకుడు కోరిన మార్పుల భారం స్టూడియో మీదే పడటం, చిత్రం ఎంత వసూలు చేసినా అందులో ఎఫెక్ట్స్ స్టూడియోకు వాటా లేకపోవడం అనే మూడు అంశాలు కలిసి ఆ పరిస్థితికి దారితీశాయి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబైలలోని కళాకారులు రాత్రికి రాత్రే పని కోల్పోవడానికి వెనక ఉన్న నిర్మాణమూ ఇలాంటిదే. మీ నాలుగు అంకెల సూచికలో అయితే, 2013 జనవరిలో రిథమ్ అండ్ హ్యూస్ వంటి స్టూడియోకు మంచి మార్కులు పడి ఉండేవి.

దీని పక్కన హైదరాబాద్‌లోనే ఉన్న గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌ను పెట్టి చూడండి. వారి ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లో మొదలైంది. పాత్ర వారి సొంతం కావడంతో ప్రసారం ఒక ఆదాయం, బొమ్మలూ స్కూలు బ్యాగులూ మరో ఆదాయం అయ్యాయి. దశాబ్దం తరువాత 2019లో అదే పాత్ర పసివాడి రూపంలో నెట్‌ఫ్లిక్స్‌కూ చేరింది. ఒకసారి చేసిన పని ఏళ్ల తరబడి ఆదాయం తెస్తోంది. కౌలుకు చేసే రైతుకూ సొంత పొలం ఉన్న రైతుకూ ఎకరాకు వచ్చే బస్తాలు సమానంగా ఉండవచ్చు, బస్తాలు లెక్కపెట్టి ఊరుకుంటే ఏడాది చివర ఎవరికి ఎంత మిగిలిందో తెలియదు. మన ప్రాంతపు వీఎఫ్ఎక్స్, గేమ్ ఆర్ట్ పనిలో అత్యధిక భాగం కౌలు సేద్యమే. అది తప్పని నేను అనడం లేదు. నైపుణ్యం అలాగే వస్తుంది, నెలనెలా జీతాలు అలాగే వస్తాయి. కాని దాన్ని దాని పేరుతోనే లెక్కించాలి.

జాతీయ ఖాతాల పద్ధతి కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. ఐక్యరాజ్యసమితి 2008 జాతీయ ఖాతాల వ్యవస్థ ప్రకారం సినిమా, సంగీతం, రచన వంటి మూల సృష్టులు స్థిరాస్తుల కింద లెక్క. భవనం, యంత్రం ఎలాగో అలాగే. ఆస్తి ఎవరి పేర ఉందో రాబడి వారి ఖాతాలో పడుతుంది. హైదరాబాద్‌లో మూడు వందల మంది ఏడాదిపాటు చేసిన పని ముంబైలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న సంస్థకు స్థిరాస్తి అవుతుంది, మన ఖాతాలో అది ఆ ఏడాది సేవా ఆదాయంగా మాత్రమే నమోదై ముగిసిపోతుంది.

ఇక ప్రాంతం అంటే ఏమిటన్న ప్రశ్న. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గాని మీ పట్టిక మొత్తాన్ని తలకిందులు చేయగలదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు స్టూడియోలు, పోస్ట్ ప్రొడక్షన్ సౌకర్యాలు, నిర్మాణ సంస్థల కార్యాలయాలు దాదాపు పూర్తిగా హైదరాబాద్ చుట్టుపక్కల ఉండిపోయాయి. ప్రేక్షకులు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ, బెంగళూరు, చెన్నైలలోనూ, అమెరికాలోనూ, గల్ఫ్‌లోనూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. మీరు కొలుస్తున్నది హైదరాబాద్‌లో జరిగే పనినా, తెలుగులో వచ్చే సృష్టినా? అమెరికన్ గేమ్ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ హైదరాబాద్ కార్యాలయంలో చేసే గేమ్ పని మొదటి లెక్కలోకి వస్తుంది, రెండో లెక్కలోకి రాదు. డాలస్‌లో కూర్చొని తెలుగు పాడ్‌కాస్ట్ చేసేవారు రెండో లెక్కలోకి వస్తారు, మొదటి లెక్కలోకి రారు. రెండూ అవసరమే, రెండింటినీ కూడకూడదు. ఉపాధి, పన్నులు, నైపుణ్యం గురించి మాట్లాడేటప్పుడు మొదటి ఖాతా తీయండి, భాషా సంస్కృతుల గురించి మాట్లాడేటప్పుడు రెండోది తీయండి.

జిల్లాలవారీ పోలికను మాత్రం విరమించుకోమని గట్టిగా చెబుతున్నాను. మొదటి కారణం, పరిశ్రమ హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ ప్రాంతంలో కేంద్రీకృతమై ఉంది; తక్కిన జిల్లాల గడుల్లో సున్నాలో, పొరపాటు సమాచారమో ఉంటుంది. రెండో కారణం, జిల్లాలే మారిపోయాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాత రంగారెడ్డి అంకెను కొత్త రంగారెడ్డి అంకె పక్కన పెట్టి వృద్ధి రేటు కట్టిన నివేదికలు నేను చూశాను, వాటిలోని శాతాలకు అర్థం లేదు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయన్నది తరువాతి సమస్య. మన జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో, అంటే ఎన్ఐసీ 2008లో, సినిమా, వీడియో, టీవీ కార్యక్రమాల నిర్మాణం, సౌండ్ రికార్డింగ్ కలిపి 59వ విభాగం కింద ఉంటాయి. పోస్ట్ ప్రొడక్షన్‌కు అందులో 5912 అనే తరగతి ఉంది. గేమ్ స్టూడియో మాత్రం 58వ విభాగంలో సాఫ్ట్‌వేర్ ప్రచురణగానో, 62లో కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌గానో నమోదై ఉండవచ్చు. కంపెనీ పెట్టిన రోజున చార్టర్డ్ అకౌంటెంట్ ఏ కోడ్ రాశారన్నదాని మీద అది ఆధారపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతిగా చూపిన పని ఐటీ రంగం ఖాతాలోకి వెళ్తుంది. ఏటా జరిగే పరిశ్రమల సర్వే తయారీ రంగానిది కాబట్టి మనకు ఉపయోగపడదు. కంపెనీలుగా నమోదు కాని చిన్న యూనిట్ల కోసం అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే ఉంది, శ్రామికుల కోసం పీఎల్ఎఫ్ఎస్ అనే జాతీయ శ్రామికశక్తి సర్వే ఉంది. ఈ రెండూ నమూనా సర్వేలే. రాష్ట్రస్థాయిలో, అదీ ఒక సన్నని తరగతి దగ్గరికి వచ్చేసరికి నమూనాలో మిగిలే మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమందే ఉంటారు. ఆ అంకెను కచ్చితమైన ఉద్యోగాల సంఖ్యగా వాడకండి. కొన్నేళ్ల నమూనాలను కలిపి, ఎంత అటూఇటూ కావచ్చో కూడా చెబుతూ వాడండి.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా దాటాయో చూడటం మేలు. బ్రిటన్ 1998లో తన సృజనాత్మక పరిశ్రమలను పదమూడు రంగాలుగా గుర్తించి లెక్కించడం మొదలుపెట్టింది. తరువాత ఒక రంగంలోని ఉద్యోగాల్లో సృజనాత్మక వృత్తుల వాటా 30 శాతం దాటితేనే దాన్ని ఆ జాబితాలో చేర్చే పద్ధతికి మారింది. దీనివల్ల ఎవరు గట్టిగా అడిగితే వారి రంగాన్ని చేర్చే అలవాటు తగ్గుతుంది. దక్షిణ కొరియాలో కోకా అనే ప్రభుత్వ సంస్థ ప్రచురణ, కామిక్స్, సంగీతం, గేమ్స్, సినిమా, యానిమేషన్, ప్రసారాలు వంటి పదకొండు రంగాల గణాంకాలను ఏటా వెలువరిస్తుంది. అందులో 'క్యారెక్టర్' అనేది ఒక ప్రత్యేక రంగం. బొమ్మల పాత్రల హక్కుల మీద వచ్చే వ్యాపారాన్ని యానిమేషన్ నుంచి విడదీసి లెక్కించారంటే, హక్కు విలువ వారికి లెక్కల పుస్తకంలోనే కనిపిస్తోందన్నమాట. మనం నేర్చుకోవలసిన ఒక్క విషయం చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఇప్పుడు సూచికల దగ్గరికి వద్దాం. టర్నోవర్‌కు బదులు స్థూల అదనపు విలువను తీసుకోండి. అంటే ఆదాయం నుంచి బయటినుంచి కొన్నవాటి ఖర్చును తీసేయాలి. ఊహాత్మకంగా రెండు స్టూడియోలు అనుకుందాం, ఒక్కోదానిలో వంద మంది, జీతాల బిల్లు ఏడాదికి 4 కోట్లు. మొదటిదాని ఆదాయం 12 కోట్లు, పూర్తిగా జాబ్ వర్క్, అంటే ఇతరుల కోసం చేసి హక్కులు అప్పగించే పని. సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు, క్లౌడ్ రెండరింగ్‌కు, ఇతర రాష్ట్రాల సబ్ కాంట్రాక్టర్లకు 5 కోట్లు బయటికి పోతాయి. రెండోదాని ఆదాయం 9 కోట్లు, అందులో 2 కోట్లు సొంత పాత్రల లైసెన్సింగ్. బయటికి పోయేది 2.5 కోట్లు. టర్నోవర్‌లో తేడా 3 కోట్లు. అదనపు విలువలో మొదటిది 7 కోట్లు, రెండోది 6.5 కోట్లు. తేడా అంతే. మరుసటి ఏడాది జాబ్ వర్క్ సగానికి పడిపోయిందనుకోండి. మొదటిదాని ఆదాయం 6 కోట్లు, ఖర్చు కూడా సగమై 2.5 కోట్లు పోతే మిగిలేది 3.5 కోట్లు, జీతాలకే 50 లక్షలు చాలదు. రెండోదానికి జాబ్ వర్క్ మీద 3.5 కోట్లు, లైసెన్సింగ్ మీద 2 కోట్లు వస్తాయి, బయటి ఖర్చు 1.5 కోట్లకు తగ్గిందనుకుంటే 4 కోట్లు మిగులుతాయి, జీతాలు సరిపోతాయి. ఒక్క ఏడాది అంకె చూస్తే మొదటిదే మెరుగు, మూడేళ్ల అంకెలు చూస్తే కథ మారుతుంది. అందుకే ఏ సూచికనైనా కనీసం మూడేళ్ల సగటుగానూ, ఆ మూడేళ్లలో హెచ్చుతగ్గులు ఎంతన్న రెండో అంకెతోనూ కలిపి ఇవ్వండి.

దీనికి తోడుగా నేను తప్పకుండా అడిగే అంకెలు కొన్ని ఉన్నాయి. మొత్తం ఆదాయంలో హక్కుల మీద వచ్చేది ఎంత శాతం? అతిపెద్ద క్లయింట్ ఒక్కరి నుంచే వచ్చేది ఎంత శాతం? ఇన్వాయిస్ ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి సగటున ఎన్ని రోజులు? బిడ్‌లో, అంటే పని కోసం ముందుగా ఇచ్చిన అంచనాలో, వేసుకున్న మ్యాన్‌డేలకూ (ఒక మనిషి ఒక రోజు చేసే పని) నిజంగా పట్టిన మ్యాన్‌డేలకూ నిష్పత్తి ఎంత? చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు గాని స్టూడియో ఆరోగ్యాన్ని ఇంత సూటిగా చెప్పే అంకె నాకు ఇంకోటి కనబడలేదు. ఒక షాట్‌కు పది మ్యాన్‌డేలు అని బిడ్ వేసి, రీటేకుల మీద రీటేకులతో పద్దెనిమిది పడితే, ఆ ఎనిమిది రోజుల నష్టం చివరికి కళాకారుల ఆదివారాల మీదా రాత్రుల మీదా పడుతుంది. టర్నోవర్ పెరుగుతున్నా ఆ నిష్పత్తి చెడుతూ పోతే పరిశ్రమ మనుషులను అరగదీసి ఎదుగుతోందని అర్థం. చేరినవారిలో మూడేళ్ల తరువాత కూడా ఇదే రంగంలో ఉన్నవారి శాతాన్నీ, స్త్రీల శాతాన్నీ విడిగా అడగండి.

వ్యూస్ సంగతి విడిగా చెప్పాలి. పొడుగు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో యూట్యూబ్ సృష్టికర్తకు 55 శాతం ఇస్తుంది. షార్ట్స్‌లో సృష్టికర్తలకు కేటాయించిన మొత్తంలోంచి 45 శాతం ఇస్తుంది. ప్రకటన ధర ప్రేక్షకుడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి న్యూజెర్సీలోని తెలుగు కుటుంబం చూసిన వ్యూ, జగిత్యాలలో చూసిన వ్యూ డబ్బు లెక్కలో సమానం కావు. షార్ట్ మీద వ్యూ, అరగంట కథనం మీద వ్యూ ఏ లెక్కలోనూ సమానం కావు. వ్యూస్‌కు బదులు చూసిన గంటలు తీసుకోండి, వాటిని పొడుగు, పొట్టి అని విడదీయండి. సృష్టికర్తలు స్వయంగా ఇస్తే తప్ప ఆదాయం అంకె దొరకదు కాబట్టి, ఆ భాగాన్ని సర్వేతోనే పూరించాలి. ఇంకొక సంగతి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షో, అందులోని గంగవ్వ గురించి తెలియని తెలుగువారు తక్కువ. స్టూడియోల జాబితాల్లోనూ కంపెనీల రిజిస్టర్లలోనూ వెతికే పద్ధతికి ఇలాంటి పల్లె బృందాలు చిక్కవు. హైదరాబాద్ బయట ఈ పరిశ్రమ ఏ రూపంలో బతుకుతోందో తెలియాలంటే, నమోదైన సంస్థల జాబితాతో మొదలుపెట్టకుండా, చానళ్ల జాబితాతో మొదలుపెట్టాలి.

మీరు ప్రస్తావించిన డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్, అంటే డీఈఏ గురించి. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ ప్రతిపాదించిన ఈ పద్ధతి మంచిదే. ఒక్కో యూనిట్ వాడిన వనరులనూ ఇచ్చిన ఫలితాలనూ తీసుకొని, ఉన్నవాటిలో మెరుగైనవాటితో ఒక సరిహద్దు గీసి, తక్కినవి దానికి ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. చైనాలో ప్రావిన్సులవారీగా సాంస్కృతిక పరిశ్రమల గణాంకాలు ప్రభుత్వమే ప్రచురిస్తుంది, ముప్పైకి పైగా ప్రావిన్సులు ఉన్నాయి, కాబట్టి అక్కడి పరిశోధకులు దీన్ని విరివిగా వాడతారు. మన దగ్గర దీన్ని యథాతథంగా దించడం కుదరదు. వనరులు, ఫలితాల సంఖ్య కూడి మూడుతో గుణిస్తే వచ్చేదానికి తక్కువ కాకుండా యూనిట్లు ఉండాలన్నది చాలామంది పాటించే కనీస సూత్రం. నాలుగు వనరులు, మూడు ఫలితాలు తీసుకుంటే కనీసం 21 యూనిట్లు కావాలి. రెండు రాష్ట్రాలు యూనిట్లుగా చాలవు, జిల్లాలు పనికిరావని పైన చెప్పాను. స్టూడియోలను యూనిట్లుగా తీసుకుంటే సంఖ్య సరిపోతుంది, అప్పుడు కూడా రోటో, పెయింట్ పని (ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆకృతులను విడదీసే, అనవసరమైనవి చెరిపే పని) చేసే స్టూడియోను, కంపోజిటింగ్ (వేర్వేరు దృశ్యాలను ఒక ఫ్రేమ్‌లో కలిపే పని) చేసే స్టూడియోను, గేమ్ స్టూడియోను ఒకే సరిహద్దు కింద పెట్టకూడదు. యూనిట్లు మరీ తక్కువైతే దాదాపు అందరికీ వంద శాతం సమర్థత వస్తుంది. ఆ ఫలితం చూసి సంతోషించకండి.

డీఈఏ ఒక ఏడాది చిత్రం మాత్రమే. రెండు కాలాల మధ్య మార్పుకు మాల్మ్‌క్విస్ట్ సూచిక వాడతారు. అది మార్పును రెండుగా విడదీస్తుంది: సరిహద్దే ముందుకు జరిగిందా, లేక వెనకబడ్డ స్టూడియోలు సరిహద్దుకు దగ్గరయ్యాయా? ఈ విభజన మనకు ఇప్పుడు ఎంతో అవసరం. రోటోస్కోపింగ్, వస్తువులను ఫ్రేమ్‌లోంచి చెరిపే పని, డబ్బింగ్‌లో పెదవుల కదలికను సరిచూసే పని మెషీన్ లెర్నింగ్ పరికరాల వల్ల వేగంగా మారిపోతున్నాయి. ఒకటి రెండు పెద్ద స్టూడియోలు ఆ పరికరాలతో సరిహద్దును ముందుకు నెట్టి, చిన్నవి ఉన్నచోటే ఉంటే సగటు ఉత్పాదకత పెరిగినట్టే కనిపిస్తుంది, నిజానికి పరిశ్రమ రెండుగా చీలుతూ ఉంటుంది. ఆ చీలికను మాల్మ్‌క్విస్ట్ విభజన బయటపెడుతుంది.

ప్రాంతాల పోలికకు మీకు కావలసింది లొకేషన్ కోషెంట్. దేశం మొత్తం శ్రామికుల్లో ఒక రాష్ట్రం వాటా 6 శాతం, ఈ రంగంలోని శ్రామికుల్లో ఆ రాష్ట్రం వాటా 12 శాతం అనుకుంటే కోషెంట్ 2 అవుతుంది. ఇది కేంద్రీకరణను చెబుతుంది, సమర్థతను చెప్పదు. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులతో పోల్చుకోవడానికి చాలు.

ఏ రూపాయి లెక్కకూ అందని భాగం ఒకటుంది, దాన్ని వదిలేస్తే నా సమాధానం అసంపూర్ణం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను సేకరించి, వాటి వివరాలను అంతర్జాలంలో అందరికీ అందుబాటులో పెట్టింది. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటైజ్ చేసింది. తెలుగు వికీపీడియా, వికీసోర్స్‌లలో ఎందరో జీతం లేకుండా పనిచేస్తున్నారు. అదనపు విలువ లెక్కలో వీటన్నిటికీ దాదాపు సున్నా. కాని రేపు ఒక యానిమేటరు 1930ల నాటి కోస్తా ఊరి వీధి గీయాలన్నా, ఒక గేమ్ రచయిత పాత కథను కొత్త రూపంలోకి తేవాలన్నా వెళ్లవలసింది అక్కడికే. వీటిని పరిశ్రమ ఆదాయంతో కలపకుండా, ప్రజా వనరుగా విడిగా కొలవండి. ఎన్ని పేజీలు వెతకడానికి వీలైన అక్షరరూపంలో ఉన్నాయి, వాటి కాపీరైట్ స్థితి స్పష్టంగా రాసి ఉందా, తిరిగి వాడుకోవడానికి అనుమతి ఉందా అన్నవి అడగండి. స్కాన్ చేసిన పేజీల సంఖ్య ఒక్కటే రాస్తే ఉపయోగం తెలియదు.

మెరుగుదల దగ్గరికి వస్తే, భవనాలూ సదస్సులూ అందరికీ కనిపించే ఫలితాలు కాబట్టి ముందు వాటి మీదికే దృష్టి పోతుంది. తెలంగాణ 2016లో యానిమేషన్, గేమింగ్ వంటి రంగాల కోసం ఇమేజ్ విధానం ప్రకటించింది, హైదరాబాద్‌లోని రాయదుర్గంలో ఇమేజ్ టవర్ నిర్మాణం చేపట్టింది. కర్ణాటక అంతకు నాలుగేళ్ల ముందే, 2012లో, ఈ రంగానికి విధానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో నియమించిన టాస్క్‌ఫోర్స్ అదే ఏడాది చివర నివేదిక ఇచ్చింది. వసతి అవసరమే; నటుల కదలికలను నమోదు చేసే ఖరీదైన మోషన్ క్యాప్చర్ స్టేజీని చిన్న స్టూడియో ఒంటరిగా కట్టుకోలేదు. అయినా నా అనుభవంలో చిన్న స్టూడియో ప్రాణం తీసేది చోటు లేకపోవడం కాదు, డబ్బు ఆలస్యం కావడం. ఎంఎస్ఎంఈ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ ఉంచకూడదు. మించితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ చెల్లించాలి. ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన 43బీ(హెచ్) నిబంధన 2024–25 మదింపు సంవత్సరం నుంచి అమలులోకి వచ్చి, ఆలస్యంగా చెల్లించినవారికి ఆ ఖర్చు మినహాయింపును వాయిదా వేస్తోంది. ఇంత రక్షణ ఉన్నా, చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేసుకోని స్టూడియోలు, చేసుకున్నా క్లయింట్ పోతాడేమోనని అడగలేని స్టూడియోలు ఎన్నో ఉన్నాయి. స్టూడియోలు ఒక్కొక్కటిగా అడగలేనిది సంఘంగా అడగగలవు. ప్రభుత్వ రాయితీ తీసుకునే నిర్మాణ సంస్థలు చిన్న స్టూడియోల బాకీలు 45 రోజుల్లో తీర్చినట్టు చూపాలన్న ఒక్క షరతు పెట్టినా ఇన్వాయిస్ రోజుల సూచిక కదులుతుంది.

రెండోది ఒప్పందాలు. మన కాపీరైట్ చట్టం సృష్టికర్తకు ఇచ్చే రక్షణలు చాలామందికి తెలియవు. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం అని 19వ సెక్షన్ చెబుతుంది. 2012 సవరణ తరువాత సినిమాలోని పాటల రచయిత, స్వరకర్త థియేటర్ ప్రదర్శన కాని ఇతర వినియోగాల మీద వచ్చే రాయల్టీని వదులుకోవడానికి వీల్లేదు. మరోవైపు ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద, వేరే ఒప్పందం లేనంతవరకు, మొదటి హక్కు యజమానిదే. వెబ్ సిరీస్‌కు కథ ఇచ్చే రచయిత, పాడ్‌కాస్ట్‌కు పాత్ర సృష్టించిన కళాకారుడు ఈ మూడు సంగతులు తెలుసుకొని సంతకం పెడితే, హక్కుల ఆదాయం అనే గడి ఐదేళ్లలో నిండటం మొదలవుతుంది. రాష్ట్రాలు చేయగలిగింది కూడా ఉంది: నగదు రాయితీని ఖర్చును బట్టి కాకుండా, హక్కుల్లో కొంత వాటా ఇక్కడి సంస్థ దగ్గర ఉండటాన్ని బట్టి పెంచడం.

శిక్షణ గురించి క్లుప్తంగా చెబుతాను. రోటో, పెయింట్ నేర్పే ప్రైవేటు సంస్థలు అమీర్‌పేటలో కొదవలేదు, ఆ పనే ముందుగా యంత్రాలకు పోతోంది. లోటు ఉన్నది పైనే: సూపర్‌వైజర్లు, పైప్‌లైన్ ప్రోగ్రామర్లు, కథారచయితలు, బిడ్ సరిగ్గా వేయగల ప్రొడ్యూసర్లు. శిక్షణ పొందినవారి సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్న పథకం మొదటి రకాన్నే మరింతగా తయారు చేస్తుంది.

విధానం పనిచేసిందా లేదా అన్నది తేల్చడానికి, ముందు ఇంత, తరువాత ఇంత అన్న పోలిక చాలదు. 2020లో వచ్చిన కోవిడ్ థియేటర్లను మూసి, ఓటీటీని ఇంటింటికీ చేర్చింది. మొదట తెలుగుకే పరిమితమైన ఆహా ఓటీటీ కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆ పెరుగుదలను 2016 విధానం ఖాతాలో వేస్తే తప్పవుతుంది. అదే కాలంలో కర్ణాటక, తమిళనాడులలో అదే తరగతి సంస్థలు ఎలా ఉన్నాయో తీసుకొని, వాటికంటే మన మార్పు ఎంత ఎక్కువో తక్కువో చూడాలి. రాయితీ పొందిన స్టూడియోలను, దరఖాస్తు చేసి కొద్దిలో తప్పిపోయిన స్టూడియోలతో పోల్చగలిగితే ఇంకా మేలు. దానికి తిరస్కరించిన దరఖాస్తుల రికార్డును ప్రభుత్వం దాచి ఉంచాలి, పరిశోధకులకు ఇవ్వాలి.

మీ పరిశోధనకు ఇంతటి పని ఒకేసారి సాధ్యం కాదని తెలుసు. కాబట్టి మొదటి ఏడాదికి ఇలా చేయండి. వీఎఫ్ఎక్స్ ఒక్క విభాగాన్నే తీసుకొని, ముప్పై నలభై స్టూడియోల నుంచి పేర్లు బయటపెట్టబోమన్న లిఖితపూర్వక హామీతో, మూడేళ్ల అంకెలు సేకరించండి. అడగవలసినవి ఆదాయం, అందులో హక్కుల వాటా, బయటి కొనుగోళ్లు, ఉద్యోగుల నెలవారీ సంఖ్య, బిడ్ మ్యాన్‌డేలు, వాస్తవ మ్యాన్‌డేలు, ఇన్వాయిస్ తేదీ, డబ్బు వచ్చిన తేదీ. ఇవన్నీ స్టూడియో అకౌంట్స్‌లోనూ షాట్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇప్పటికే ఉంటాయి, కొత్తగా రాయించనక్కర్లేదు. యజమానిని ఒక్కరినే అడగకుండా ప్రొడక్షన్ కోఆర్డినేటర్‌నూ అకౌంటెంట్‌నూ విడిగా అడగండి, వారిద్దరి దగ్గర తేదీలు కచ్చితంగా ఉంటాయి. సబ్ కాంట్రాక్టుకు ఇచ్చిన పనిని ఇచ్చిన స్టూడియోలోనూ తీసుకున్న స్టూడియోలోనూ రెండుసార్లు లెక్కించకుండా, ప్రతి స్టూడియో దగ్గర 'పని ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది' అన్న రెండు గడులు తప్పనిసరిగా పెట్టండి. ఆ రెండు గడులను జతచేసి చూస్తే, ఒక చిత్రం బడ్జెట్‌లోని రూపాయి ఎన్ని చేతులు మారి ఎక్కడ ఆగిందో మీకు మొదటిసారి కనిపిస్తుంది.